బరువు రాట్నం ముందు చెప్పుల వరుస

వరుస దినం 3271

హాజరు నూట పద్దెనిమిదికి నూట పదహారు. రాని ఇద్దరికీ జ్వరం. వారి చెప్పులు స్థానంలోనే ఉన్నాయి.

ఉదయం ఏడు గంటలకు యథాప్రకారం విహారవాటిక నాలుగో ద్వారం ముందు నేల తుడిచి, వరుసలోని జతలన్నింటి మీదా పేరుకున్న బూడిద దులిపి, పేర్లు పిలిచాను. చంద్రుడి మీది ఈ బూడిద ఎన్ని తలుపులు బిగించినా నెలవూరులోకి వస్తూనే ఉంటుంది. వరుసలో మనిషికొక పాత జత ఉంటుంది. ప్రతి జతకూ అడుగున ఇనుప రేకు కొట్టించాం. ఈ ఊరిలో ఏ వస్తువైనా భూమి మీద తూగినదానిలో ఆరోవంతే తూగుతుంది కనుక, రేకు లేని చెప్పు ఎవరి కాలు తగిలినా ఎగిరి అవతల పడుతుంది.

మా తాతల కాలంలో, భూమి మీద, నీళ్ళ ట్యాంకరు కోసమూ రేషను కోసమూ మనుషులు వరుసలో చెప్పులూ బిందెలూ రాళ్ళూ పెట్టి తమ పనులకు పోయేవారట. ఆ పద్ధతి మాకిక్కడ పనికివచ్చింది. గిరగిర తిప్పి మనిషికి భూమి మీది బరువు ఇచ్చే రాట్నం ఆగిపోయిన మరునాడే, అది మళ్ళీ తిరిగే వరకు వరుస చెడకూడదని తీర్మానించుకున్నాం. యాజమాన్యం పదకొండు సార్లు చెప్పులు తొలగించమన్నది. పదకొండు సార్లూ నేను లిఖితపూర్వకంగా నిరాకరించాను. మొదటి జత నాది.

ఈ రోజు ద్వారానికి ఒక ప్రకటన అంటించి ఉంది. "తొమ్మిదేళ్ళుగా మూయబడియున్న బరువు రాట్నంను నేటికి ముప్పైవ రోజున పునఃప్రారంభం చేయబడును." నా చేయి దానంతట అదే జేబులోని ఎర్ర పెన్సిలు మీదకు పోయింది. మూడు చోట్ల దిద్దాను.

నా వెనుక స్థానం షేక్ బాజీది. అతడు గుడారాలు కుట్టే దర్జీ. ప్రకటన చదివి అతడు గెంతిన గెంతుకు తల పైకప్పుకు కొట్టుకుంది. తల రుద్దుకుంటూ దిగి, "ఏంది మాస్టారూ, తొమ్మిదేళ్ళకు గేటు తీస్తామని వాళ్ళు రాస్తే మీరు మార్కులేస్తన్నారా?" అన్నాడు.

"ముప్పై అయిదు. పాసు చేశాను."

"మీరు పాసు చేశారంటే ఇంక తిరిగినట్టే."

జనం చేతులు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఈ ఊళ్ళోనే పుట్టి, తమ బరువు తాము ఎన్నడూ ఎరుగనివారు మా వరుసలో నలభై మంది ఉన్నారు. వారు నా చుట్టూ మూగి, ఎలా ఉంటుందని మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. ఇరవై మీటర్ల ఇనుప చేతుల చివర ఇరవై నాలుగు సీట్లు. నిమిషానికి ఏడు చుట్లు. మొదట అరికాళ్ళు నేలను తెలుసుకుంటాయి. తరువాత బుగ్గలు కిందికి దిగుతాయి. తొడ మీది చేయి ఎత్తబోతే అది మీ చేయేనా అని అనుమానం వస్తుంది. ఏడు నిమిషాల పాటు మనిషి పూర్తిగా ఒకచోట ఉంటాడు.

నాకు డెబ్భై నాలుగేళ్ళు. ముప్పై మూడో ఏట ఈ ఊరికి వచ్చి, మొదటి బడి నేను తెరిచాను. నా ఎముకలు ఆ బరువును ఇంకొక్క సంవత్సరం మోయగలవని, ఆ తరువాత మోయలేవని వైద్యురాలు చెప్పింది. ఎముకలు అరగకూడదనే తొమ్మిదేళ్ళుగా బాజీ కుట్టిన ఇసుక చొక్కా వేసుకుని రోజూ రెండు వందల మెట్లు ఎక్కి దిగుతున్నాను. అందులోని ఇసుక యాభై ఎనిమిది కిలోలు, అంటే సరిగ్గా నేను. ఈ రోజు మూడు వందల మెట్లు ఎక్కాను.

వరుస దినం 3274

హాజరు పూర్తి.

వాటిక అధికారి సుధన్వ మమ్మల్ని లోపలికి పిలిచి, కొత్త రాట్నం నమూనా చూపించాడు. మర్యాదస్థుడు. నా దగ్గర చదువుకోలేదు కనుక వాక్యాలు సగంలో వదిలేస్తాడు.

"సర్, మీరే ఫస్ట్ ట్రై చేయాలి. మీరు కూర్చుంటే ఇక అందరూ..."

కూర్చున్నాను. తలకు టోపీ తొడిగారు. కళ్ళ ముందు భూమి, ఆకాశం, పచ్చని పొలాలు. సీటు చుట్టూ ఉన్న మెత్తలు గాలి నింపుకుని భుజాలను, తొడలను, పొట్టను నొక్కడం మొదలుపెట్టాయి. నేను వేలితో నా బుగ్గ తడిమి చూసుకున్నాను. అది ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది.

"ఇది ఎప్పుడు తిరుగుతుంది?" అని అడిగాను.

"తిరగదు సర్. ఫీలింగ్ మాత్రం సేమ్."

"నన్ను పిండారు. బరువు వేయలేదు."

సుధన్వ నచ్చజెప్పబోయాడు. ఇరుసు కొత్తది వచ్చి నాలుగేళ్ళయింది, బిగించి కూడా ఉంది. అయినా పాత ఇరుసు ఎందుకు పగిలిందో విచారణలో తేలలేదు. కారణం తెలియని యంత్రాన్ని తిప్పడానికి రక్షణ మండలి ఒప్పుకోదు. కనుక ఇనుప చేతులు కోసివేసి, సీట్లను నేలకు బిగిస్తారు. అభ్యంతరాలు ఉంటే 3289వ దినాన మండలి ముందు చెప్పుకోవచ్చు.

"అభ్యంతరం ఉంది," అన్నాను.

"కారణం చెప్పగలరా సర్? కారణం లేకపోతే వాళ్ళు వినరు."

"కనుక్కుంటాను."

నా వెనుక నూట పదిహేడు మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ గదిలో పైకప్పు తక్కువ ఎత్తు కనుక కొందరి తలలు తగిలాయి. ఎవరూ కూర్చోలేదు.

వరుస దినం 3277

హాజరు పూర్తి.

పోలమ్మ దగ్గరికి వెళ్ళాను. రాట్నం తిరిగిన రోజుల్లో దాన్ని నడిపినది ఆమే. ఇరుసు పగిలిన రోజున ఎవరికీ దెబ్బ తగలలేదు. కారణం తేలలేదని రాసి కూడా విచారణవారు రాట్నం నడిపే ఆమె అనుమతి పత్రం లాక్కున్నారు. అప్పటి నుంచి రెండో వీధిలో ఇడ్లీలు అమ్ముతోంది. ఇక్కడి తేలికకు ఇడ్లీ ఆవిరిలో బంతిలా పొంగుతుంది. ఆమె ఒక్కో దాన్ని గరిటెతో పట్టి ఆపి పళ్ళెంలో పెడుతుంది. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె మా వరుస ఛాయలకు రాలేదు. పిలుద్దామనుకుంటూనే నేనూ పిలవలేదు.

"ఏటి మాస్టారూ, దారి తప్పీసినారా?"

"నీ తూకం పుస్తకం కావాలి పోలమ్మా. ఆఖరి రోజుది."

ఆమె గరిటె దించింది. "దేనికండి? ఇంకోపాలి నా తప్పు రాయడానికా?"

"తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి."

"తొమ్మిదేళ్ళనుంచి నానూ అదే సూస్తన్నాను. ఏ బోల్టు మరిసిపోనానో, ఏ తూకం తప్పు రాసినానో. ఇడ్లీ రేకు బిగించినా మూడుసార్లు లాగి సూసుకుంటాను." కొట్టు కింద నుంచి నూనె గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. "ఒక్కటి సెప్తాను ఇనుకోండి. ఎదురెదురు సీట్లు సమానంగా తూగాల. ముప్పై కిలోల తేడా వరకు ఇరుసు ఓర్సుకుంటాది. ఆ దినం నాను ఒదిలిన తేడా నాలుగు. తలుపు ఏసీసి, నా గదిలోకి పోయి మీట తిప్పినాను. పగులు సూస్తే ఒకటో సీటు ఏపు ఉంది. ఒకటో సీటు మీదే కదండీ, మీరు యాబై ఎనిమిది కిలోలు. మీరెలగ పగలగొడతారు?"

ఆమె ఇడ్లీలు పెట్టింది. తిన్నాను. పుస్తకం చంకలో పెట్టుకుని, అది నాకు దొరికినందుకు ఒకింత గర్వపడుతూ ఇంటికి వచ్చాను.

వరుస దినం 3279

హాజరు పూర్తి.

పోలమ్మ పుస్తకంలో లోపం లేదు. ఇరవై నాలుగు పేర్లు, ఇరవై నాలుగు తూకాలు, పన్నెండు జంటలు. మూడుసార్లు కూడి చూశాను. ఆ తరువాత అదే రోజున నేను రాసుకున్న దినచర్య తీశాను. ఇరవయ్యో ఏట నుంచి నేను ఒక్క రోజు కూడా మానలేదు. ఆ పుటను ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నేడు మా గురువుగారు శేషాచార్యులవారు భూమి నుంచి విచ్చేసి ఉన్నారు. వారికి తొమ్మిదో సీటు ఇచ్చారు. అది తలుపుకు దూరం. వారు అక్కడ, నేను తలుపు పక్కన మొదటి సీటులో కూర్చుండుట నాకు సమ్మతము కాలేదు. తలుపు వేసిన పిమ్మట లేచి, వారిని నా స్థానమందు కూర్చుండబెట్టి, వారి స్థానమునకు నేను పోయితిని. వారు పెద్దవారు, పట్టు తప్పుదురేమోనని నా పాత విద్యార్థులు నలుగురు బలశాలులను లేపి, వారికి చెరి ఇద్దరుగా ఇరుపక్కలా కూర్చోమంటిని. ఎంతటి గౌరవమని వారు సంతోషించిరి."

గురువుగారు తొంభై ఏడు కిలోలు. ఆ నలుగురూ వెల్డింగు పనివారు, ఒక్కొక్కరు తొంభైకి తక్కువ లేరు. వారి బదులు ఎదుటి పక్కకు పోయినవారు, అంతకుముందు నా ఇరుపక్కలా కూర్చున్న నలుగురు మహిళలు, నేను. ఎదుటి వైపు కంటే మొదటి సీటు వైపు మూడు వందల కిలోల పైచిలుకు ఎక్కువయింది. పోలమ్మ అప్పటికే తలుపు అవతల ఉంది.

విచారణవారు ఇరవై నలుగురినీ విడివిడిగా అడిగారు: నియమ విరుద్ధంగా ఎవరైనా ఏమైనా చేశారా అని. అందరమూ లేదన్నాం. ఎవరూ అబద్ధమాడలేదు. పెద్దవారికి చోటివ్వడం కూడా చెప్పుకోవలసిన సంగతి అని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇక నియమం మాటకు వస్తాను. రాట్నం గోడ మీది ఏడో నియమం: "తూకము ముగిసిన తరువాత కూర్చున్నవారిని లేపినవారు మరెన్నడును ఈ రాట్నము ఎక్కరాదు." మొదటి రోజుల్లో తోపుళ్ళు ఎక్కువగా ఉండేవి, నాలుగు మాటల్లో గట్టి నియమం కావాలని పోలమ్మ అడిగితే ఆ వాక్యం నేనే రాసి ఇచ్చాను. చాలా ఏళ్ళు దాని పక్క నుంచి పోతూ, బాగా కుదిరిందని అనుకునేవాణ్ణి.

ఈ రోజు మెట్లు ఎక్కలేదు.

వరుస దినం 3281

హాజరు పూర్తి.

బాజీకి చెప్పాను. అతడు సూది గుడ్డలో గుచ్చి, పని పక్కన పెట్టాడు.

"ఆ రోజు నేనూ రాట్నంలోనే ఉన్నాను గదా మాస్టారూ. అంతా చూశాను. ఎంత మర్యాద అనుకున్నాను."

"అందరమూ అదే అనుకున్నాం."

"ఇప్పుడు మీరు పోయి చెబితే రాట్నం తిరిగిద్ది. మీరు మాత్రం ఎక్కలేరు. అంతేనా?"

"అంతే."

"అయితే చెప్పబాకండి. కాదంటే ఆయనే లేచి వచ్చి కూర్చున్నాడని చెప్పండి. ఆయన భూమ్మీద పోయి ఆరేళ్ళాయె. ఆయన్నెవరూ పిలిచి అడగరు."

నేను లేచి నిలబడ్డాను. అతడు నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఊరికే అన్నాను. కోప్పడకండి. మీరు ఆ మాట అనరని తెలుసు. అయినా స్నేహితుడన్నవాడు ఒకసారన్నా చెప్పాలి గదా."

సాయంత్రం సుధన్వ మా ఇంటికి వచ్చాడు. అతడికి ఇదేమీ తెలియదు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటే కొత్త రాట్నంలో మొదటి సీటు జీవితాంతం నాదేనని, దాని మీద నా పేరుతో ఇత్తడి ఫలకం బిగిస్తారని చెప్పాడు. "మీ ఏజ్‌కి అసలు రాట్నం రిస్క్ సర్. ఇది అయితే మీరు నూరేళ్ళ వరకు..."

నా ఏకైక బలహీనతను అతడు తెలియకుండానే తాకాడు. నూరేళ్ళ వరకు నన్ను పిండుతూ ఉంటారు, ఫలకం తళతళలాడుతూ ఉంటుంది, పోలమ్మ ఇడ్లీ రేకును మూడుసార్లు లాగి చూసుకుంటూ ఉంటుంది.

"ఫలకం మీద ఏం రాస్తారు?" అని అడిగాను.

జేబులోంచి కాగితం తీసి చూపించాడు. రెండు తప్పులున్నాయి. దిద్ది ఇచ్చి, అది ఎవరికీ బిగించనక్కరలేదని చెప్పి పంపాను.

వరుస దినం 3284

హాజరు పూర్తి.

మండలి కంటే ముందు పోలమ్మకు తెలియడం న్యాయం. రద్దీ తగ్గిన వేళ చూసి వెళ్ళి, పుస్తకమూ నా దినచర్యలోని పుటా కొట్టు మీద పక్కపక్కన పెట్టాను. ఆమెకు చదవడం రాక కాదు, చేతులు తడిగా ఉన్నాయని నన్నే చదవమంది. చదివాను. నా వాక్యాలు అంత వికారంగా నాకెప్పుడూ వినిపించలేదు.

ఆమె పొయ్యి ఆర్పేసింది.

"అయితే నాను మరిసిపోనేదు."

"లేదు."

"ఒక్క బోల్టు కూడా."

"లేదు పోలమ్మా."

"తొమ్మిదేళ్ళు మాస్టారూ. మీరు పొద్దుటే సెప్పులు దులుపుకొని పేర్లు పిలిసీవోరు. నా పేరు ఎప్పుడైనా పిలిసినారా?"

పిలవలేదన్నాను.

"మీ గురువుగారికి కుర్చీ మర్యాద సేసినారు. బాగుంది. నాకు సేసిందేటి?" అంది. గొంతు పెంచలేదు. తరువాత నా పుటను తడి చేత్తో కొట్టు మీద నా వైపు జరిపింది. "పొండి. ఆ దినం అందరి ముందరా ఇదే సదవండి. ఒక్క ముక్క మార్సకండి. మీరు మార్సీస్తారు, నాకు తెలుసు, భాష బాగునేదని."

మార్చనని మాట ఇచ్చాను. ఇడ్లీ పెట్టలేదు. అడగనూ లేదు.

వరుస దినం 3289

హాజరు పూర్తి. పేర్లు ఈ రోజు మండలి గది బయట పిలిచాను. వరుసలోని వారంతా లోపలికి వచ్చి గోడల వెంట నిలబడ్డారు. పోలమ్మ తలుపు దగ్గర నిలబడింది.

మండలి అధ్యక్షురాలు అభ్యంతరం ఏమిటని అడిగింది. పుట తీసి, ఒక్క ముక్క మార్చకుండా చదివాను. "పోయితిని" అన్నచోట ఎవరో నవ్వారు. బాజీ ఆ వైపు తిరిగి చూశాడు. ఆ నవ్వు ఆగింది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అని ఆమె అడిగింది.

"తప్పని తెలియలేదు. తెలిసి పది రోజులయింది."

"మీకు తెలియదా? ఆ నియమం రాసినవారు మీరే కదా."

"రాసినవాణ్ణి కనుకనే నాకు వర్తించదనుకున్నానేమో. మరో వివరణ నా దగ్గర లేదు."

సుధన్వ లేచి, వయసు మీద పడిన పెద్దమనిషి జ్ఞాపకాన్ని ప్రమాణంగా తీసుకోవడం ఎలా అన్నాడు. ఇది జ్ఞాపకం కాదని, ఆ రోజునే సిరాతో రాసినదని అధ్యక్షురాలికి చూపించాను. అప్పుడు గోడ దగ్గరి నుంచి ఒక వెల్డరు ముందుకు వచ్చాడు. నేను లేపిన నలుగురిలో ఒకడు. ఇప్పుడు నెరిసిన మనిషి.

"మాస్టారు లెమ్మన్నారు, లేచానండి. పదేళ్ళప్పుడు బల్ల మీదికెక్కమన్నా ఎక్కినవాణ్ణి."

ఇంకొకడు ముందుకు వచ్చాడు. అతడి వెనుక మరొకడు. నాలుగో వాడు ఇప్పుడు భూమి మీద ఉన్నాడు. అధ్యక్షురాలు పగులు చిత్రం తెప్పించి, పోలమ్మను ముందుకు పిలిచింది. ఎన్ని కిలోల తేడాకు పగులు అక్కడ పడుతుందని అడిగింది. పోలమ్మ చిత్రం వంక చూడకుండానే చెప్పింది.

"మూడు వందలు. నాకు తెలుసండి, తొమ్మిదేళ్ళనుంచి ఆ పగులు నా కళ్ళల్లోనే ఉంది."

మండలి ఇంజనీర్లు లెక్క వేశారు. మూడు వందల పన్నెండు అని తేలింది.

వరుస దినం 3296

హాజరు పూర్తి.

తీర్పు వచ్చింది. కారణం తెలిసింది కనుక రాట్నం తిరగవచ్చు. ఇనుప చేతులు కోయరాదు. పోలమ్మ అనుమతి పత్రం తిరిగి ఇవ్వాలి. తలుపు వేసిన తరువాత ఎవరూ లేవకుండా సీట్లకు తాళం పడే ఏర్పాటు చేయాలి. ఏడో నియమం ప్రకారం గుడిమెట్ల దక్షిణామూర్తి, అనగా నేను, మరెన్నడును రాట్నము ఎక్కరాదు.

వరుస సంఘం ఈ సాయంత్రమే సమావేశమైంది. ఏడో నియమాన్ని సవరించమని మండలికి అర్జీ పెట్టాలని నూట పదహారు మంది చేతులెత్తారు. ఎత్తని ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో చేయి బాజీది.

"నువ్వెందుకు ఎత్తలేదోయ్?" అని అతడిని అడిగారు.

"ఆయన ఒప్పుకోడు. ఎత్తి దించేదెందుకు, చెయ్యి నొప్పి."

అర్జీ నాకు అంగీకారం కాదని చెప్పాను. దయ చూపమని నేను ఎవరినీ అడగలేదు. యాజమాన్యం పదకొండు సార్లు చెప్పులు తీయమంటే తీయనివాళ్ళం. పన్నెండో సారి మనమే మన నియమాన్ని తీసివేస్తామా అన్నాను. ఒక పెద్దమనిషికి మినహాయింపు ఇవ్వబోయే ఇరుసు పగిలింది. అదే పెద్దమనిషికి రెండో మినహాయింపు ఇస్తామంటే, మనం తొమ్మిదేళ్ళలో నేర్చుకున్నదేమిటి?

ఇక్కడే పుట్టిన ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కన్నీరు ఇక్కడ జారదు, కంటి దగ్గరే బొట్టుగా నిలుస్తుంది. రాట్నంలో అయితే చెంప మీదుగా జారుతుందని ఆమెకు చెప్పాను. వచ్చే వారం చూసుకోమన్నాను.

వరుస దినం 3301

ఉదయం నాలుగో ద్వారం తెరిచారు.

పోలమ్మ పాత నీలం చొక్కా వేసుకుని, తూకపు కుర్చీ పక్కన నిలబడి ఉంది. వరుసలో మొదటి ఇరవై నాలుగు పేర్లు నేను పిలవవలసి ఉంది. రెండో పేరుతో మొదలుపెట్టాను. బాజీ ముందుకు రాలేదు.

"మొదటి పేరు పిలవలా మాస్టారూ."

"మొదటి పేరు లేదు."

"మొదటి సీటు మీది. అందులో ఇంకొకరు కూర్చుంటే ఈ వరుస కదలదు," అన్నాడు. నా వెనుక వరుస నిజంగానే కదలలేదు. ఇరవై అయిదోవాణ్ణి ముందుకు రమ్మని సుధన్వ రెండుసార్లు పిలిచాడు. ఇరవై అయిదోవాడు తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఖాళీగా తిప్పితే తూకం పోతుంది," అన్నాను.

"పోదు," అంది పోలమ్మ. నా దగ్గరికి వచ్చి, ఇసుక చొక్కా మెడ పట్టీ లాగింది. అలవాటు కొద్దీ ఉదయం మెట్లు ఎక్కి వచ్చి, అది విప్పలేదు. "ఇదెంత?"

"యాభై ఎనిమిది."

"నియమం ఏటంది? లేపినోరు ఎక్కరాదు. ఇసక ఎవల్ని లేపింది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అభ్యంతరం లేకపోయింది. చొక్కా విప్పాను. ఆమె దాన్ని తూకపు కుర్చీలో కూర్చోబెట్టి, ఆడించి చూసి, తన పుస్తకంలో రాసింది. వరుస మొదట ఉన్న నా పాత చెప్పులు బాజీ తెచ్చి ఇచ్చాడు. వాటిని దులిపి, మొదటి సీటులో చొక్కా ఒడిలో పెట్టి, పట్టీలు బిగించింది. మూడుసార్లు లాగి చూసింది. ఆ తరువాత నా వంక చూసి, నాలుగోసారి లాగకుండా చేయి వదిలేసింది.

ఇరవై ముగ్గురు మనుషులూ, నా ఇసుకా ఎక్కారు. తలుపు పడింది, సీట్ల తాళాలు పడ్డాయి. పోలమ్మ గది అద్దంలోంచి నన్ను చూసి మీట తిప్పింది.

నేను బయట గోడకు అరచేయి ఆనించి నిలబడ్డాను. మొదట సన్నని వణుకు. తరువాత గోడ స్థిరపడింది. చిన్న కిటికీలోంచి ఒక్కో సీటు దాటిపోతోంది. బాజీ బుగ్గలు కిందికి దిగాయి. ముసలివాడయ్యాడని అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి చేయి ఎత్తబోయి ఆగి, దాని వంక ఆశ్చర్యంగా చూసుకుంటోంది. ఆమె చెంప మీద ఒక గీత తడిగా దిగింది. ఆ తరువాత మొదటి సీటు వచ్చింది. చొక్కా నడుము దగ్గర వంగి, బాగా అలిసినవాడు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ఏడు నిమిషాల్లో అది నలభై తొమ్మిది సార్లు నా ముందు నుంచి పోయింది. అన్నీ లెక్కపెట్టాను.

ఆగిన తరువాత బాజీ దిగలేక దిగాడు. ఇంకా అంత బరువు ఉన్నదనుకుని అడుగు వేసి ఎగిరిపడ్డాడు. నా చొక్కాను రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. అడుగున ఇసుక ఇటుకలా గట్టిపడింది. దాని మీద నా చెప్పుల రెండు అచ్చులు దిగి ఉన్నాయి, అంగుళం లోతున.

"ఎట్లా ఉంది?" అని అడిగాను.

"మీరు చెప్పినట్టే. కాకపోతే మీరు కొంచెం తక్కువ చెప్పారు."

అచ్చులు చెరగకుండా చొక్కా వేసుకున్నాను. చెప్పులు తీసుకుని వరుస చివరికి నడిచి, ఆఖరి జత వెనుక పెట్టాను. సుధన్వ వెంట వచ్చాడు.

"సర్, మీకు బ్యాన్ ఉంది కదా. లైన్‌లో ఎందుకు..."

"ఎక్కడం నాకు నిషిద్ధం. నిలబడడం నిషేధిస్తూ మీ దగ్గర కాగితం ఉంటే తీసుకురండి. చదివి, దిద్ది, నిరాకరిస్తాను."

అతడు వెళ్ళిపోయాడు. రేపటి నుంచి పేర్లు పోలమ్మ పిలుస్తుందని సంఘం నిర్ణయించింది. ఈ రోజే మొదలుపెట్టమన్నాను. ఆమె పుస్తకం తెరిచి ఒక్కో పేరూ చదివింది. వరుసలో కొత్తగా చేరిన తన పేరు తానే చదువుకుని, "ఉన్నాను" అని తానే పలికింది. జనం నవ్వారు. చివరికి నా వంతు వచ్చింది.

"నూట పంతొమ్మిది. దక్షిణామూర్తి మాస్టారు."

"ఉన్నాను," అన్నాను.